రాసిపెట్టని అంకె

ఆ హేచరీలో గుడ్లు పొదిగే పెట్టెలు పన్నెండు. పెట్టెలంటే చిన్నవి కావు, తలుపు తీస్తే లోపల మనిషి నిలబడొచ్చు. నాలుగు పాతవి, ఎనిమిది కొత్తవి. పాతవాటిలో మూడోదాని తలుపు కాలితో ఒక్క తాపు తంతేగాని పడదు. వీటి వైర్లూ మోటార్లూ చూసే మనిషిని అందరూ తీగలాయన అంటారు. పొద్దున్న అడిగినదానికి సాయంత్రం జవాబు చెప్పే రకం. కానీ పెట్టె పక్కనుంచి నడిచిపోతూనే లోపలి బేరింగు ఇంకెన్నాళ్ళు బతుకుతుందో చెప్పగలడు.

కంప్యూటరు చూసేది ఆయన బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. "మావాడే, పనిమంతుడు" అని ఏడాది కిందట యజమానురాలితో చెప్పి తీగలాయనే పెట్టించాడు. ఆయన ఒకరికోసం మాట చెప్పడం అదే మొదలు. కుర్రాడు పనిమంతుడే. కాకపోతే చెయ్యి ముందు, చూపు వెనక.

రెండు వారాల కిందట బ్యాటరీలు మార్చడానికి కంప్యూటరును పావుగంట ఆపాల్సి వచ్చింది. మళ్ళీ లేచాక గోడ మీది బోర్డులో ఎనిమిది గళ్ళే వెలిగాయి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా చీకటి. అది ఎవరి కంటా పడకముందే పదకొండో పెట్టెలో ఫ్యాను బెల్టు తెగి లోపల వేడెక్కింది. బోర్డులో లేని పెట్టెకు గంట మోగదు. మధ్యాహ్నానికి ఆ పెట్టెలో గుడ్లన్నీ పోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే రోజు మూడో పెట్టెలో ట్రేలు ఒరగాల్సినదానికంటే ఎక్కువ ఒరిగి, గుడ్లు జారి కింద పగిలాయి.

మూడో పెట్టెను తీగలాయన చూశాడు. ట్రేల చట్రానికి ఒక బోల్టు కాస్త వదులుగా కనిపించింది. బిగించాడు. "బోల్టండీ" అని యజమానురాలికి చెప్పాడు. చెప్పాడేగాని, ఆ బోల్టుకు అంత పాపం చేసే శక్తి ఉందా అన్న అనుమానం చెప్పులో రాయిలా ఆయనతోనే తిరుగుతోంది.

యజమానురాలు ఒకప్పుడు ఒక్క పెట్టెతో మొదలుపెట్టిన మనిషి. ప్రతి గుడ్డుకూ ఒక పక్క పెన్సిలుతో ఇంటూ గుర్తు, రెండో పక్క సున్నా పెట్టి, గంటగంటకూ తన చేత్తో తిప్పినావిడ. గుడ్ల విషయంలో ఆవిడ ముందు కోతలు కుదరవు. కంప్యూటరు ఆగిన రోజే బోల్టుకు బద్ధకం పుట్టిందంటే ఆవిడ నమ్మలేదు. రెండు నష్టాలూ కుర్రాడి ఖాతాలోనే వేసింది. శనివారం మధ్యాహ్నం తీగలాయనను పిలిచి చెప్పింది.

"ఏమయ్యా, సోమవారం పొద్దున్న నేనే వచ్చి కంప్యూటరు ప్లగ్గు పీకుతా. మళ్ళీ పెడతా. పన్నెండు గళ్ళూ వాటంతట అవే వెలగాలి. మీవాడు పక్కన కూచుని గిలిగింతలు పెడితే వెలగడం కాదు. వెలక్కపోతే వేరే పని చూసుకోమను. నువ్వు చెప్పావని పెట్టుకున్నా, నీకు చెప్పకుండా తీసెయ్యడం మర్యాద కాదని చెబుతున్నా."

"సరేనండీ" అన్నాడు తీగలాయన.

ఇంట్లో భోజనాల దగ్గర భార్య ఊరుకోలేదు. "మా తమ్ముణ్ణి తీసుకెళ్ళి అక్కడ కూచోబెట్టింది మీరు. వాడు తప్పు చేస్తే చెవి మెలిపెట్టండి, కాదనను. చెయ్యని తప్పు కూడా వాడి నెత్తిన పడితే మాత్రం ఊరుకోను."

ఆయన ముద్ద కలుపుతున్నాడు.

"మీతో మాట్లాడ్డం కంటే ఆ పెట్టెలతో మాట్లాడ్డం నయం. అవి మోగుతాయి, కనీసం." కూర గిన్నె ఆయన ముందుకు జరుపుతూ మళ్ళీ అంది. "ఇంతకీ మూడో పెట్టెలో నిజంగా బోల్టేనా?"

తీగలాయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం పొద్దున్నే బావా బావమరిదీ కంప్యూటరు గదిలో చేరారు. గుడ్లు దించే గదికి ఆనుకున్న ఇరుకు గది అది. ఒక కుర్చీకి చెయ్యి లేదు, ఇంకో కుర్చీకి వీపు లేదు. కోడిపిల్లల నూగు గాలికి వచ్చి కంప్యూటరు వెనక జాలీకి దూదిలా పట్టుకుని ఉంది. తీగలాయన జేబులోంచి చిన్న బ్రష్షు తీసి ముందు ఆ నూగు దులిపాడు. తరవాత వీపు లేని కుర్చీలో కూచున్నాడు.

"ఎనిమిదే ఎందుకు లేచాయి?" అన్నాడు.

"బ్యాటరీలు మార్చారుగా బావా, ఏదో తేడా చేసుంటుంది. నేను మళ్ళీ సరిచేశాగా."

"ఏం సరిచేశావు?"

కుర్రాడు నిట్టూర్చి మొదలుపెట్టాడు. "పెట్టెకో ప్రోగ్రాము ఉంది బావా. పెట్టెలో వేడెంత, చెమ్మెంత అని చూసి మెమరీలో ఒకచోట రాసిపెడుతుంది. బోర్డు ప్రోగ్రాము అక్కడికే వచ్చి చదువుకుంటుంది. గంట కొట్టేదీ అక్కడే చదువుకుంటుంది. దాన్ని షేర్డ్ మెమరీ అంటారు."

"ఉమ్మడి కళ్ళం."

"ఆఁ, అలాగే అనుకో. తలా ఒక కుప్ప పోసుకుంటారు."

"హద్దుంటుందా?"

"ఉంటుంది. లేకపోతే ఒక్కడే మెమరీ అంతా ఆక్రమించుకోడూ? అందుకని అందరి కుప్పలూ కలిపి ఇంతకు మించకూడదని కంప్యూటరును నడిపే యూనిక్సు ఒక లిమిటు పెడుతుంది. ఈ మిషనుకు పుట్టుకతో వచ్చిన లిమిటు ఎనిమిదివేల నూట తొంభైరెండు. అది ఎనిమిది పెట్టెలకే సరిపోయింది. తొమ్మిదోది మొదలుపెట్టబోతే 'చోటు లేదు' అంది."

"అప్పుడేగా డిస్కు నిండిందని కొత్త డిస్కు కొనిపించావు?"

"ఆ సంగతి ఇప్పుడెందుకులే బావా. తరవాత తెలుసుకున్నాగా, చోటు లేనిది డిస్కులో కాదు, ఈ కళ్ళంలో అని. ఒక్క కమాండుతో లిమిటు పెంచా. అప్పట్నుంచి పన్నెండూ బ్రహ్మాండంగా నడిచాయి."

"ఎక్కడ రాశావు?"

"రాయడమేంటి? చెప్పా, విన్నది."

"నోటిమాట."

"నోటిమాటే అనుకో."

"ఆగి లేస్తే?"

కుర్రాడి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. మిషను లేవగానే చదువుకునే ఫైలు ఒకటుంటుంది. ఏ లిమిటు ఎంతో అందులో రాసి ఉంటే ప్రతిసారీ అదే పాటిస్తుంది, లేకపోతే పుట్టుకతో వచ్చిన అంకెకే పోతుంది. తెరిచి చూశాడు. ఆ లిమిటు పేరుతో అందులో ఒక్క వరస కూడా లేదు.

"ఛ!" అన్నాడు. "ఆ రోజు కూడా మళ్ళీ నోటితోనే చెప్పా బావా. లేచాయి కదా అని ఊరుకున్నా."

తీగలాయన తెర వైపు వేలు చూపించాడు. కుర్రాడు గబగబా ఫైల్లో వరస రాయడం మొదలుపెట్టాడు. ఆరు, ఏడు, ఒకటి, సున్నా...

"ఆగు" అన్నాడు తీగలాయన. "అంకె ఎంత పొడుగుంది?"

"అరవైనాలుగు ఎంబీ బావా. బైట్లలో రాస్తే అంత పొడుగొస్తుంది. నోటితో చెప్పింది కూడా ఇదే."

"మొదటిది ఎనిమిదివేల చిల్లర అన్నావు. అదీ బైట్లేనా?"

"అంతేగా."

"ఎనిమిదివేల బైట్లలో ఎనిమిది పెట్టెలు పట్టాయా?"

పెట్టె ఒక్కింటికి నాలుగు ఎంబీలు కావాలని కుర్రాడికి తెలుసు. మిషనులోనే ఉండే పుస్తకం తెరిచి ఆ లిమిటు గురించి రాసిన చోటికి వెళ్ళాడు. ఈసారి నెమ్మదిగా చదివాడు.

"పేజీలట బావా. పేజీ అంటే నాలుగువేల తొంభైఆరు బైట్లు. ఈ ఒక్క లిమిటు పేజీల్లో చెప్పాలట."

"నువ్వు గుప్పెళ్ళనుకుని చెప్పావు. అది బళ్ళనుకుంది."

"అంటే కళ్ళం..."

"పొలిమేర అవతల కంచె వేశావు."

తీగలాయన చెవి మీంచి పెన్సిలు తీసి బల్బుల అట్టపెట్టె మూత మీద త్రైరాశికం వేశాడు. ఎనిమిది పెట్టెలకు ఎనిమిదివేల నూట తొంభైరెండైతే పన్నెండింటికి ఎంత? పన్నెండువేల రెండువందల ఎనభైఎనిమిది. మూత తిప్పి, ముందుముందు నాలుగు పెట్టెలు పెరిగితే ఎంతో అదీ వేశాడు. పదహారువేల మూడువందల ఎనభైనాలుగు. "ఇది రాయి" అని మూత ముందుకు తోశాడు.

"నువ్వేం చదివావు బావా?"

"ఐదు. మా పంతులు బెత్తం విరిగేదాకా చెప్పాడు."

"నాకు ఏసీ గదిలో చెప్పారు, అదే తేడా" అంటూ కుర్రాడు అంకె రాసి, ఒకటికి రెండుసార్లు చదివి ఫైలు మూశాడు. మొహం తేటపడింది. చెయ్యి అప్పుడే స్విచ్చు వైపు వెళ్ళింది. "ఒక్కసారి ఆపి లేపి చూద్దామా? రేపు ఆవిడ చేసేది ఇవాళ మనమే చేస్తే పోలా?"

"ఆగు. ఆ కుప్పలన్నీ ఒకసారి చూపించు."

కుర్రాడు కమాండు కొట్టాడు. జాబితా తెరంతా నిండింది. పన్నెండు పెట్టెలకు పన్నెండు కుప్పలుండాలి. ముప్ఫై ఉన్నాయి. చివరి గడిలో ఆ కుప్ప దగ్గర ఇప్పుడు ఎంతమంది ఉన్నారో అంకె ఉంది. పన్నెండింటికి మూడేసి, పద్దెనిమిదింటికి సున్నా.

"ఈ సున్నాలు?"

"అనాథలు బావా. ఏదైనా ప్రోగ్రాము మొండికేస్తే గొంతు పిసికి మళ్ళీ పుట్టిస్తా కదా. చచ్చినవాడి కుప్ప అక్కడే పడుంటుంది, పుట్టినవాడు కొత్తది పోసుకుంటాడు. కంచె పొలిమేర అవతలుంది కాబట్టి ఎన్నైనా పట్టాయి. ఆపి లేపితే అన్నీ ఊడ్చుకుపోతాయి. కళ్ళం అద్దంలా ఉంటుంది."

తీగలాయన వేలు తెర మీద పైనుంచి కిందికి వచ్చింది. "పదిహేడు ఒకే కొలత. ఈ చిన్నది?"

"నా ముందున్నాయన రాసిన ప్రోగ్రాము దేనిదో అయ్యుంటుంది. దాని దగ్గరా ఎవరూ లేరు చూడు, సున్నా."

"కుప్ప దగ్గర మనిషి లేనంతమాత్రాన కుప్పకు మనిషి లేనట్టు కాదు. అన్నానికి పోయుండొచ్చు."

"ఎంతసేపు చూస్తాం బావా?"

"వచ్చేదాకా."

పదీ ఇరవై అయింది. జాబితా సెకనుకోసారి కొత్తగా వచ్చేలా పెట్టి కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలాడు. పక్కగదిలో పెట్టెల ఫ్యాన్లు ఒకే శ్రుతిలో మోగుతున్నాయి. పదిన్నరకు కుర్రాడికి ఆవలింత వచ్చింది. పది నలభైకి, అక్క ఇంట్లో ఏం వండుతోందని అడిగాడు. తీగలాయన ఆ చిన్న సున్నా మీంచి చూపు తియ్యలేదు.

సరిగ్గా పదకొండుకు గోడ అవతల మోటార్లు మూలిగాయి. గంటకోసారి ట్రేలు ఒక పక్కనుంచి రెండో పక్కకు ఒరిగే మోత అది. గుడ్డు ఒకే పక్కన ఉండిపోతే లోపలి పిండం పెంకుకు అంటుకుపోతుంది, అందుకే తిప్పడం. మోత మొదలవుతుండగా తెర మీద ఆ చిన్న కుప్ప ఎదుట సున్నా ఒకటయింది. మోత ఆగింది. ఒకటి మళ్ళీ సున్నా అయింది.

"వచ్చి పోయాడు" అన్నాడు తీగలాయన.

కుర్రాడు లేచి నిలబడ్డాడు. "ట్రేలు తిప్పే ప్రోగ్రాము! అది నేను రాసింది కాదు బావా, ముందున్నాయన రాసింది. నేనెప్పుడూ ముట్టుకోలేదు." కూచుని దాన్ని తెరిచి చదివాడు. పది నిమిషాలు పట్టింది. "ఏ పెట్టెను కిందటిసారి ఎటు ఒరిగించిందో ఆ కుప్పలో రాసుకుంటోంది. గంటకు వచ్చి చూసుకుంటుంది, కుడి అని ఉంటే ఎడమకు తిప్పుతుంది, రాసుకుని పోతుంది. మిషను ఆగితే ఆ కుప్ప పోతుంది. లేచాక ఏమీ గుర్తుండదు. అన్నిటినీ కుడికే తిప్పుతుంది."

"అప్పటికే కుడికి ఉన్నవి?"

"వాటికి అడ్డు స్విచ్చులుంటాయిగా బావా. చట్రం చివరికొస్తే స్విచ్చు నొక్కుకుని మోటారు ఆగిపోతుంది. ఏమీ కాదు. ఒక గంట తిరగకపోతే గుడ్డేం చావదు."

తీగలాయన లేచి వెళ్ళిపోయాడు.

కాసేపటికి కుర్రాడు వెతుక్కుంటూ వెళ్తే, ఆయన మూడో పెట్టె వెనక ముక్కాలిపీట మీద కూచుని ఉన్నాడు. మోటారు మూత విప్పి ఉంది. కుడివైపు అడ్డు స్విచ్చు ఉండాల్సిన చోట స్విచ్చు లేదు. రెండు వైర్లు ఒకదానితో ఒకటి మెలిపెట్టి, పైన నల్లటేపు చుట్టి ఉంది. టేపు అంచులకు దుమ్ము పట్టి బూడిదరంగు తిరిగింది.

"ఇదెవరు చేశారు బావా?"

"నేను."

"ఎప్పుడు?"

"మూడేళ్ళయింది. స్విచ్చు కాలిపోయింది. పెట్టెలో గుడ్లున్నాయి, ట్రేలు ఆగకూడదు. కొత్తది వచ్చేదాకా అని కలిపా."

ఆ హేచరీలో ఒక పద్ధతుంది. వైరు ఒకటి మారిస్తే గుమ్మం పక్కన దారంతో వేలాడే రిపేర్ల పుస్తకంలో ఆ రోజే రాయాలి. పుస్తకం పెట్టించింది యజమానురాలు, పద్ధతి నేర్పింది తీగలాయన. కొత్తగా చేరినవాళ్ళకు బ్రష్షు పట్టుకోవడం కంటే ముందు ఆ పుస్తకం చూపించేవాడు. ఈ ఒక్కటి రాయలేదు. రేపే కదా స్విచ్చు వచ్చేది అనుకున్నాడు. ఆ రేపటికి మూడేళ్ళు. ట్రేలు కుడీ ఎడమా క్రమంగా తిరిగినన్నాళ్ళూ మోటారు తన కొలత ప్రకారం నడిచి తనే ఆగింది, కాబట్టి స్విచ్చు లేని లోటు తెలియలేదు. కంప్యూటరు ఆగిన రోజున, కుడికి ఒరిగి ఉన్న చట్రాన్ని మళ్ళీ కుడికే తోసింది.

కుర్రాడికి అర్థమైంది. గొంతు తగ్గించాడు. "బావా, ఇది ఎవరికీ తెలియదు. తెలియక్కర్లేదు కూడా. సాయంత్రానికల్లా చిన్న ప్రోగ్రాము రాస్తా. ట్రేలు తిరిగినప్పుడల్లా ఆ కుప్పను డిస్కులోకి ఎత్తిపెడుతుంది, మిషను లేవగానే మళ్ళీ పోస్తుంది. రేపు ఆవిడ ప్లగ్గు పీకితే పన్నెండూ వెలుగుతాయి, ట్రేలు సరిగ్గా తిరుగుతాయి. నా ఉద్యోగం ఉంటుంది, నీ మాట ఉంటుంది. బోల్టు బోల్టుగానే ఉండనీ."

"ప్రోగ్రాము రాయి" అన్నాడు తీగలాయన.

రాత్రి భోజనం దగ్గర భార్య తమ్ముడి మొహమూ మొగుడి మొహమూ మార్చి మార్చి చూసింది. తమ్ముడు రెండోసారి వడ్డించుకున్నాడు. మొగుడు మొదటిసారి పెట్టిందే సగం వదిలేశాడు. "ఇదేంట్రా, పీకాల్సింది నీ ఉద్యోగమైతే బావకు ఆకలి పోయింది?" అంది.

సోమవారం పదింటి తిప్పుడు అయ్యీ కాగానే తీగలాయన సుద్దముక్కతో పన్నెండు తలుపుల మీదా బాణాలు గీశాడు, లోపల ట్రేలు ఏ పక్కకు ఒరిగున్నాయో ఆ పక్కకు. కుర్రాడి ప్రోగ్రాము మీద నమ్మకం లేక కాదు. కళ్ళతో చూసింది తలుపు మీద కూడా ఉంటే మంచిదని.

పదీ పదికి యజమానురాలు వచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, కంప్యూటరు గదిలోకి వెళ్ళి, బ్యాటరీ మీట కట్టేసి, ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

"అమ్మగారూ, ఒక్క మాట" అన్నాడు తీగలాయన.

ఆవిడ వెనక్కి తిరిగింది. ఈ మనిషి తనంతట తాను మాట మొదలుపెట్టడం, బావమరిదికి పని అడిగిన రోజున తప్ప, ఆవిడ ఇన్నేళ్ళలో చూడలేదు.

"పదకొండో పెట్టె నష్టం మావాడిది. లిమిటు నోటితో చెప్పాడు, ఫైల్లో రాయలేదు. నిన్న రాశాడు. మూడో పెట్టె నష్టం మాత్రం వాడిది కాదు. నాది."

"బోల్టన్నావు?"

"బోల్టూ వదులుగానే ఉందండీ. కానీ చేసింది బోల్టు కాదు." చేతిలోని రిపేర్ల పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. పొద్దున రాసిన నాలుగు వరసలు. ఏ స్విచ్చు, ఎప్పుడు కాలింది, వైర్లు ఎలా కలిపాడు, ఎన్నాళ్ళుగా అలా ఉంది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "మూడేళ్ళా?"

"మూడేళ్ళండీ."

"పుస్తకంలో రాయలేదని పోయినేడు ఒకణ్ణి అందరి ముందూ నిలబెట్టి చీవాట్లు పెట్టావు. నువ్వేగా?"

"నేనేనండీ."

కుర్రాడు మధ్యలో ఏదో అనబోయాడు. "నువ్వుండవయ్యా" అంది ఆవిడ. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. ప్లగ్గు పీకింది.

తెర చచ్చింది. బోర్డు చచ్చింది. పక్కగదిలో పెట్టెల ఫ్యాన్లు మాత్రం వాటి కరెంటు మీద అవి మోగుతున్నాయి. ఆవిడ నోట్లో యాభై దాకా లెక్కపెట్టుకుని ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. కుర్రాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు, అవి కీబోర్డు మీదికి పోతాయేమోనని. మిషను అక్షరాలు వరసగా దించుకుంటూ వచ్చింది. బోర్డు మీద ఒకటో గడి వెలిగింది. రెండు, మూడు. ఏడు. ఎనిమిది. అక్కడ ఒక్క క్షణం ఆగినట్టనిపించింది, ఆగిందో లేదో. తొమ్మిది వెలిగింది. తరవాత మూడూ ఒక్కసారిగా వెలిగాయి.

కుర్రాడు ఊపిరి వదిలాడు. యజమానురాలు వదల్లేదు. "పదకొండుకు ట్రేలు తిరగాలిగా, చూసే పోతా" అని గుడ్ల అట్టల దొంతర మీద కూచుంది. అరగంట పైగా ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ కూచుంది, పాత అలవాటు.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా ముగ్గురూ మూడో పెట్టె ముందు నిలబడ్డారు. తలుపు మీద సుద్ద బాణం కుడికి చూపిస్తోంది. తీగలాయన తలుపు తీసి, ఒక చెయ్యి మోటారు మీట మీద ఉంచి, చట్రాన్నే చూస్తున్నాడు. మోటారు మూలిగింది. ట్రేలు వణికి, ఎడమకు కదిలాయి. నెమ్మదిగా మధ్యకొచ్చి, దాటి, ఎడమ చివరికి చేరి ఆగాయి. ఒక్క గుడ్డు కూడా కదల్లేదు.

ఆయన మీట మీంచి చెయ్యి తీశాడు. బాణం తుడిచి ఎడమకు గీసి, తలుపు మూసి కాలితో ఒక తాపు తన్నాడు.

"స్విచ్చు ఎప్పుడొస్తుంది?" అంది యజమానురాలు.

"గురువారమండీ."

"అప్పటిదాకా గంటగంటకూ ఈ తలుపు తీసి నువ్వే చూడాలి. రాత్రిళ్ళు కూడా. మూడేళ్ళు నిద్రపోయావుగా, మూడు రాత్రులు మేలుకో."

"అలాగేనండీ."

ఆవిడ కుర్రాడి వైపు తిరిగింది. "గురువారం ఈయన స్విచ్చు బిగించేటప్పుడు కంప్యూటరు దగ్గర నువ్వుండాలి. ఆ అంకె ఏదో ఫైల్లో రాశావటగా, అది ఈ పుస్తకంలో కూడా రాయి. దేనిలో కొలతో అదీ రాయి. రేపు నీ తరవాత వచ్చేవాడు మళ్ళీ డిస్కు కొనిపించకూడదు."

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కుర్రాడు పుస్తకం తీసుకుని, బావ రాసిన వరసల కింద రాశాడు: షేర్డ్ మెమరీ మొత్తం లిమిటు, పదహారువేల మూడువందల ఎనభైనాలుగు, పేజీలు, బైట్లు కావు. 'బైట్లు కావు' కింద రెండు గీతలు గీశాడు. పెన్ను మూస్తూ, "ఆవిడకు చెప్పకపోయినా సరిపోయేది బావా" అన్నాడు.

తీగలాయన పుస్తకం తీసుకెళ్ళి గుమ్మం పక్కన మళ్ళీ దారానికి తగిలించాడు. సాయంత్రం కుర్రాడు సైకిలు తీస్తుండగా గుమ్మం దాకా వచ్చి, "ఆ నష్టం నీ పేరు మీదే ఉండేది" అన్నాడు.

కుర్రాడికి అది దేనికి జవాబో గుర్తుకు రావడానికి వీధి మలుపు దాకా పట్టింది. అప్పటికి ఆయన ఆరింటి తిప్పుడు చూడాలని వెనక్కి తిరిగి పెట్టెల గది వైపు వెళ్ళిపోయాడు.